ఫైనల్ ఇయర్ ఐటీ ప్రాజెక్టు పూర్తి చేయడం ఎలా: కర్నూలు ఉల్లిగడ్డల లెక్కతో, దసరా నుంచి ఉగాది దాకా

ఏటా ఏడో సెమిస్టర్ మొదలైన రెండు వారాలకు నా టేబుల్ మీద అబ్‌స్ట్రాక్టుల (ప్రాజెక్టు సారాంశాల) కట్ట పడుతుంది. కర్నూలులో ఐటీ బ్యాచ్‌లకు ప్రాజెక్టు గైడుగా ఉంటున్నాను కాబట్టి కట్ట విప్పకముందే అందులో ఏముందో చెప్పగలను. ఫేక్ న్యూస్ గుర్తింపు, ముఖం చూసి హాజరు వేయడం, క్రెడిట్ కార్డు మోసాల గుర్తింపు. ఇవి చెడ్డ టాపిక్‌లు కావు. కానీ వీటి వెనక ఉన్న సమస్యను బ్యాచ్‌లో ఎవరూ కళ్లారా చూసి ఉండరు.

క్రెడిట్ కార్డు ప్రాజెక్టునే తీసుకోండి. దాదాపు అందరూ కాగిల్ అనే డేటా వెబ్‌సైట్‌లో దొరికే ఒకే డేటాసెట్ వాడతారు. యూరప్ కార్డుదారులు 2013 సెప్టెంబరులో రెండు రోజుల్లో జరిపిన 2,84,807 లావాదేవీలు అందులో ఉంటాయి. మోసాలు 492 మాత్రమే. గోప్యత కోసం చాలా కాలమ్‌లలోని అసలు వివరాలను లెక్కలతో మార్చేసి, పేర్లు కూడా తీసేసి వీ1 నుంచి వీ28 అని పెట్టారు. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) "వీ14 అంటే ఏమిటమ్మా?" అని అడిగితే చెప్పగలిగేవాళ్లు ఉండరు. పైగా ఏ లావాదేవీనైనా "మోసం కాదు" అని కళ్లు మూసుకుని చెప్పే ప్రోగ్రాముకు కూడా 99.8 శాతం అక్యూరసీ (సరైన జవాబుల శాతం) వస్తుంది. ఆ అంకెను పీపీటీలో పెద్దక్షరాలతో పెట్టుకుని వచ్చిన పిల్లలు ఒక్క ప్రశ్నకే తెల్లబోవడం చూశాను, బాధేసింది. వాళ్లు కష్టపడలేదని కాదు, తమది కాని సమస్య మీద కష్టపడ్డారు.

అందుకే ఈ మార్గదర్శిలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తాను. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల ధర చూపించి, రేపటి ధరను అంచనా వేసే వెబ్ అప్లికేషన్ అది. మీది కడప పసుపు కావచ్చు, అనంతపురం చీనీ కావచ్చు, మీ హాస్టల్ మెస్ లెక్కలే కావచ్చు. అడుగులు మాత్రం ఇవే.

సమస్యను బస్సు దూరంలో వెతకండి

టాపిక్ ఎంచుకోవడానికి నేను పెట్టే షరతు ఒక్కటే. ఆ సమస్య ఉన్న మనిషి దగ్గరికి మీరు బస్సెక్కి వెళ్లి, మాట్లాడి, సాయంత్రానికి తిరిగి రాగలగాలి. ఎందుకంటే ఆ మనిషి దగ్గరికి కనీసం మూడుసార్లు వెళ్లాల్సి వస్తుంది. సమస్య తెలుసుకోవడానికి ఒకసారి, సగం తయారైంది చూపించడానికి ఒకసారి, పూర్తయ్యాక వాడించి చూడటానికి ఒకసారి.

ఉల్లిగడ్డల ప్రాజెక్టు చేసిన బ్యాచ్ మొదట "రైతులకు ధరలు తెలియవు" అని రాసుకొచ్చింది. యార్డుకు వెళ్లి అడిగి రమ్మన్నాను. పత్తికొండ వైపు నుంచి సరుకు తెచ్చిన ఒక పెద్దాయన వీళ్ల మాట విని, "నిన్నటి రేటు నాకు తెలుసు నాయనా, ఫోన్లో వచ్చింది. ఈపొద్దు నా గడ్డకు ఎంత పలుకుతాదో అది చెప్పు" అన్నాడట. ఆ ఒక్క మాటతో ప్రాజెక్టు తిరగబడింది. ధర తెలియకపోవడం సమస్య కాదు. ఒకే రోజు ఒకే యార్డులో గడ్డ సైజును బట్టి, తడిని బట్టి ధర ఎక్కడి నుంచి ఎక్కడికో మారుతుంది. రైతుకు కావాల్సింది ఒక అంకె కాదు, కింద ఎంత, పైన ఎంత అనే హద్దు. కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఉంటే ఈ సంగతి వీళ్లకు ఎప్పటికీ తెలిసేది కాదు.

తిరిగొచ్చాక ఒక పేజీ రాయండి. ఎవరికి, ఏ ఇబ్బంది, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు, మనం ఏం చేస్తాం, ఏం చేయం. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మా బ్యాచ్ ఇలా రాసుకుంది: "ఒక్క పంట, ఒక్క యార్డు. గత 30 రోజుల కనిష్ఠ, గరిష్ఠ ధరలు తెలుగులో చూపిస్తాం. మరుసటి మార్కెట్ రోజుకు అంచనా ఇస్తాం. కొనుగోలు, అమ్మకం, చెల్లింపులు మా పని కాదు." రివ్యూలో ఎవరైనా "దీనికి ఒక చాట్‌బాట్ కూడా కలపండి" అంటే ఈ పేజీ చూపించండి. ఆ మాట అనేది గైడే అయినా సరే, గడువు ముందుంచి మర్యాదగా మాట్లాడండి. నేను కూడా అలా అడిగిన సందర్భాలున్నాయి. పేజీ తెచ్చి చూపించిన పిల్లలను చూసి సంతోషపడ్డాను.

హైదరాబాద్ అమీర్‌పేటలోనూ, ఇప్పుడు ఆన్‌లైన్లోనూ రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతాయి. సోర్స్ కోడ్, పీపీటీ, రిపోర్టు అన్నీ ఒకే జిప్ ఫైలులో ఇస్తారు. దయచేసి కొనకండి. ఇంట్లో అమ్మానాన్నలు ఫీజు కట్టడానికి ఎంత ఇబ్బంది పడుతున్నారో మీకు తెలుసు. ఆ డబ్బు పోవడం ఒక ఎత్తు, ఉద్యోగ ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అన్నప్పుడు నోట మాట రాకపోవడం ఇంకో ఎత్తు.

బ్యాచ్‌లో పని పంచుకునే పద్ధతి

నలుగురు ఉంటే ఒకరు కోడ్, ఒకరు డేటాబేస్, ఒకరు పీపీటీ, ఒకరు రిపోర్టు అని పంచుకోవడం మన దగ్గర అలవాటు. చివరికి ఒక్కరికే ప్రాజెక్టు వస్తుంది, మిగతా ముగ్గురూ పక్కన నిలబడతారు. అలా కాకుండా ఒక్కొక్కరికి ఒక పూర్తి పనిని అప్పగించండి. ధరలు దించుకుని టేబుల్‌లో పెట్టేది ఒకరు. 30 రోజుల పేజీని టేబుల్ నుంచి స్క్రీన్ దాకా తయారు చేసేది ఒకరు. అంచనా ఒకరిది. లాగిన్, తప్పు ధరలను సరిచేసే అడ్మిన్ పేజీ ఒకరివి. రిపోర్టులో ఎవరి భాగం వాళ్లే రాయాలి.

ఇంకో సంగతి. ఎనిమిదో సెమిస్టర్‌లో చాలామంది ఇంటర్న్‌షిప్ కోసం బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లిపోతారు. ఆ తర్వాత కలిసేది శని, ఆదివారాల్లో ఫోన్లోనే. అందుకే నేను గడువులు తేదీలతో కాకుండా పండగలతో పెడతాను, అవైతే ఎవరూ మర్చిపోరు. దసరా సెలవులు అయిపోయేసరికి డేటా చేతిలో ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్లే ముందు అప్లికేషన్ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడవాలి, ఎంత వికారంగా ఉన్నా సరే. శివరాత్రికి కొలతలు, టెస్టింగ్ అయిపోవాలి. ఉగాదికి రిపోర్టు గైడు చేతిలో ఉండాలి.

దసరాకు: డేటా

మార్కెట్ ధరలకు కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే అగ్‌మార్క్‌నెట్ ఉంది. యార్డు, సరుకు, తేదీ వారీగా కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాలుకు రూపాయల్లో దొరుకుతాయి. ప్రభుత్వ డేటా పోర్టల్‌లో రిజిస్టర్ అయి కీ తీసుకుంటే రోజువారీ ధరలను ఏపీఐ (మన ప్రోగ్రాము నేరుగా డేటా అడిగి తీసుకునే దారి) ద్వారా కూడా తెచ్చుకోవచ్చు. ఇక్కడ చాలామంది తడబడే మాట ఒకటుంది. మోడల్ ధర అంటే సగటు కాదు, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది. మెషీన్ లెర్నింగ్ మోడల్‌తో (డేటా నుంచి నేర్చుకుని అంచనా వేసే ప్రోగ్రాముతో) కలిసిపోయి రిపోర్టు గందరగోళం అవుతుంది కాబట్టి "ఎక్కువగా పలికిన ధర" అని రాసుకోండి.

దించుకున్న ఫైలును వెంటనే వాడకండి. ఒక గంట కూర్చుని కళ్లతో చదవండి. సెలవు రోజులు ఖాళీగా ఉంటాయి, వాటిని సున్నాతో నింపితే ఆ రోజు ఉల్లిగడ్డలు ఉచితంగా ఇచ్చారని ప్రోగ్రాము అనుకుంటుంది. కనిష్ఠం గరిష్ఠం కన్నా ఎక్కువున్న వరసలు, అటూఇటూ 1,200 ఉండి మధ్యలో 120 ఉన్న వరసలు వెతికి పట్టుకోండి. ఏది తీసేశారు, ఏది సరిచేశారు, ఎందుకు అనేది ఒక ఫైలులో రాసి పెట్టండి. ఆ తర్వాత అదే మీ రిపోర్టులో ఒక అధ్యాయం అవుతుంది. అసలు దించుకున్న ఫైలును మాత్రం ముట్టుకోకుండా విడిగా దాచండి.

మొక్కల తెగుళ్ల మీద ప్రాజెక్టు చేయాలనుకునే అనంతపురం పిల్లలకు ఒక హెచ్చరిక. అందరూ వాడే ప్లాంట్‌విలేజ్ డేటాసెట్‌లో 54,306 ఆకుల ఫొటోలు, 14 పంటలు ఉన్నాయి. వాటిలో వేరుశనగ లేదు. బుడ్డల చేనులో ఆకుమచ్చ తెగులు గుర్తించే యాప్ అని టైటిల్ పెట్టి, టమాట ఆకులతో తయారు చేస్తే కుదరదు. ఇంకా పెద్ద సంగతి, ఆ డేటా మీద 2016లో వచ్చిన పరిశోధనలో 99.35 శాతం అక్యూరసీ వచ్చిన మోడల్, బయటి నుంచి తెచ్చిన వేరే ఫొటోలు ఇచ్చేసరికి 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఒకే రంగు నేపథ్యంలో, ల్యాబ్‌లో తీసిన ఆకు వేరు, మధ్యాహ్నం ఎండలో చేతి నీడ పడిన ఆకు వేరు. చేలో మీరే 200 ఫొటోలు తీసి వాటితో పరీక్షిస్తే, అక్యూరసీ 60 శాతమే వచ్చినా ఆ ప్రాజెక్టును నేను గౌరవిస్తాను.

సంక్రాంతికి: నడిచే అప్లికేషన్

ఏ టెక్నాలజీ అని అడుగుతారు. మీ బ్యాచ్‌లో ఇద్దరికి ఇప్పటికే వచ్చినది. పైథాన్ వస్తే వెబ్ పేజీలకు ఫ్లాస్క్ లేదా జాంగో, డేటాబేస్‌కు మైఎస్‌క్యూఎల్ చాలు. కొత్తది నేర్చుకోవాలని ఉంటే ఒక్కటే నేర్చుకోండి, మూడు కాదు.

గిట్‌ను (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచి ఉంచే సాధనాన్ని) మొదటి రోజే మొదలుపెట్టండి. వాట్సాప్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అని జిప్ ఫైళ్లు పంపుకుంటే ఏది అసలైనదో ఎవరికీ తెలియదు. ఎవరి కమిట్ (గిట్‌లో దాచిన మార్పు) వాళ్ల పేరుతోనే పడాలి. ఎవరు ఎంత పని చేశారనే గొడవ వస్తే దానికి సాక్ష్యం అదే. ఏపీఐ కీ, డేటాబేస్ పాస్‌వర్డు కోడ్‌లో రాయకండి, విడి ఫైలులో పెట్టి దాన్ని గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చండి. గిట్ కోడ్‌ను ఆన్‌లైన్లో ఉంచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు కాబట్టి పెద్ద మోడల్ ఫైళ్లను వేరేచోట ఉంచండి.

చాట్‌జీపీటీ లాంటివాటితో కోడ్ రాయించుకోవచ్చా? మీ కాలేజీ, మీ గైడు ఏమంటారో ముందు అడగండి. ఒప్పుకుంటే నా సలహా ఇది. రాయించిన ప్రతి ఫంక్షన్‌ను పక్క స్నేహితుడికి తెలుగులో వివరించండి. వివరించలేకపోతే అది ఇంకా మీది కాలేదు, చదివి, విరగ్గొట్టి, మళ్లీ రాయండి.

ఇక్కడ తెలుగు అక్షరాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఏటా దీంతోనే వారం పోతుంది. టేబుల్‌లో "పత్తికొండ" అని పెడితే తిరిగి "?????????" అని వస్తుంది. సాధారణంగా కాలమ్ లేదా కనెక్షన్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను నిల్వ చేసే పద్ధతి) తెలుగు పట్టని లాటిన్1లో ఉండటమే కారణం. డేటాబేస్, టేబుల్, కనెక్షన్ మూడూ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4లో ఉండాలి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా నిల్వ అయినది సెట్టింగ్ మార్చినా తిరిగి రాదు, అసలు అక్షరాలు పోయినట్టే. అందుకే మొదటి టేబుల్ చేసిన రోజే ఒక తెలుగు పేరు పెట్టి, తీసి చూడండి. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపించినా కంగారు పడకండి, డేటా బాగానే ఉండొచ్చు. ఎక్సెల్‌లోని డేటా ఇంపోర్ట్ ద్వారా యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి. పీడీఎఫ్ తయారు చేసే కొన్ని లైబ్రరీలు ఒత్తులను పేర్చలేవు, "పత్తికొండ" కాస్తా "పత్‌ తికొండ" అవుతుంది. అలాంటప్పుడు పేజీని బ్రౌజర్‌లో తెరిచి అక్కడి నుంచే పీడీఎఫ్‌గా ప్రింట్ చేయడం తేలిక.

శివరాత్రికి: నిజాయతీ కొలత

ప్రాజెక్టు నిలబడేదీ పడేదీ ఇక్కడే.

కొన్నేళ్ల కిందట నేను గైడుగా ఉన్న ఒక బ్యాచ్ ధరల అంచనాలో 97 శాతం సాధించామని వచ్చింది. నేనూ సంబరపడి సంతకం పెట్టాను. వైవాలో ఎక్స్‌టర్నల్ "ట్రైనింగ్, టెస్టింగ్ డేటా ఎలా విడగొట్టారు?" అని అడిగారు. వరసలన్నీ కలగలిపి 80, 20గా విడగొట్టామన్నారు. అంటే 15వ తేదీ ధర చెప్పమని అడిగేటప్పటికి ప్రోగ్రాముకు 14, 16 తేదీల ధరలు ముందే తెలుసు. మధ్యలో గీత గీస్తే చాలు. అసలు ప్రపంచంలో రేపటి ధర ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ రోజు పిల్లల ముఖాలు నాకింకా గుర్తే, ఆ తప్పు నేను ముందే పట్టుకోవాల్సింది. అప్పటి నుంచి నా బ్యాచ్‌లన్నీ తేదీని బట్టే విడగొడతాయి. ఒక తేదీ దాకా నేర్చుకోవాలి, ఆ తర్వాతి రోజులతో పరీక్షించాలి.

ఇలాంటి దొంగదారి ఇంకొకటుంది. యార్డుకు ఆ రోజు వచ్చిన సరుకు ఎన్ని టన్నులో వాడి అదే రోజు ధరను అంచనా వేయడం. ఆ టన్నుల లెక్క సాయంత్రానికి గానీ తెలియదు. రైతు అడిగేది ముందు రోజు రాత్రి, టెంపో మాట్లాడుకునేటప్పుడు. ఆ రాత్రికి ఏ అంకెలు తెలుస్తాయో అవి మాత్రమే ప్రోగ్రాముకు ఇవ్వండి.

తర్వాత పోలిక. మీ మోడల్ గొప్పదని చెప్పాలంటే దేనికన్నా గొప్పదో చూపించాలి. అతి తేలికైన అంచనా "రేపు కూడా ఈరోజు ధరే" అనడం. లెక్క చూపించడానికి ఐదు ఊహా ధరలు తీసుకుందాం: 1,200, 1,250, 1,100, 1,300, 1,280. రెండో రోజు నుంచి "నిన్నటి ధరే" అంటూ పోతే తప్పులు 50, 150, 200, 20. మొత్తం 420, నాలుగుతో భాగిస్తే సగటు తప్పు 105 రూపాయలు. అవే నాలుగు రోజులకు మీ మోడల్ 1,210, 1,200, 1,180, 1,230 అని చెప్పిందనుకోండి. తప్పులు 40, 100, 120, 50, సగటు 77 రూపాయల 50 పైసలు. అంటే క్వింటాలుకు 27 రూపాయల 50 పైసల మేర మీ పని పనికొచ్చింది. రిపోర్టులో ఈ వాక్యం రాయండి. "97 శాతం అక్యూరసీ" కన్నా ఇది వెయ్యి రెట్లు గట్టిది. ధరల అంచనాకు అసలు అక్యూరసీ శాతం అనేదే సరిపడే కొలత కాదు.

మీ మోడల్ నిన్నటి ధర కన్నా బాగా చేయలేకపోతే? అదే రాయండి. ఏ నెలల్లో ఓడింది, ఎందుకు ఓడి ఉండొచ్చు అని గ్రాఫుతో చూపించండి. ఓటమిని వివరించిన బ్యాచ్‌కు నేను మార్కులు తగ్గించను.

ఇక మనుషులతో పరీక్ష. ఐదుగురు చాలు. ఫోన్ వాళ్ల చేతికిచ్చి "రేపటి ధర ఎంతో చూడండి పెద్దాయనా" అని మాత్రం చెప్పి మౌనంగా ఉండండి. "అక్కడ నొక్కండి" అన్న మరుక్షణం పరీక్ష చెడిపోతుంది. మా పిల్లలు లేత బూడిద రంగు అక్షరాలు పెట్టారు, ల్యాబ్‌లో ముచ్చటగా ఉన్నాయి. యార్డులో ఎండకు ఒక్క అక్షరం కనబడలేదు. తెల్ల నేపథ్యం, నల్ల అక్షరాలు, పెద్ద సైజు అని ఆ సాయంత్రమే మార్చుకున్నారు. ఎవరి పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలన్నా ముందు అనుమతి అడగండి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతికి పెద్ద పీట వేసింది. చాలా ప్రాజెక్టులకు అసలు నంబరుతో పనే ఉండదు.

ఉగాదికి: రిపోర్టు

వారం వారం నోట్సు రాసుకుని ఉంటే రిపోర్టు పది రోజుల పని. లేకపోతే నెల. ఫార్మాట్ మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చినదే పాటించండి, ఎడమ మార్జిన్ బైండింగ్‌కు సరిపడా వదలండి, విషయసూచికను వర్డ్‌తోనే ఆటోమేటిక్‌గా తయారు చేయించండి. యూఎంఎల్ బొమ్మలు (ప్రోగ్రాము నిర్మాణాన్ని చూపే పటాలు) మీ కోడ్‌లో నిజంగా ఉన్నవే గీయండి. ఎక్కడి నుంచో తెచ్చిన క్లాస్ డయాగ్రామ్‌లో "హాస్పిటల్" అనే డబ్బా మిగిలిపోయిన రిపోర్టు నేను చూశాను.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం దాకా పోలికను చిన్నదిగా వదిలేస్తాయి. ప్రాజెక్టు రిపోర్టుకు మీ కాలేజీ పెట్టే హద్దు వేరుగా ఉండొచ్చు, కనుక్కోండి. లిటరేచర్ సర్వేలోనే (పాత పరిశోధనల గురించి రాసే అధ్యాయంలోనే) ఎక్కువ కాపీ దొరుకుతుంది. పేపరు చదివి, మూసేసి, గుర్తున్నది మీ మాటల్లో రాస్తే ఆ సమస్యే రాదు.

వైవా రోజు

కాలేజీ వైఫై మీద నమ్మకం పెట్టుకోకండి. అప్లికేషన్ ల్యాప్‌టాప్‌లోనే, ఇంటర్నెట్ లేకుండా నడవాలి. రెండో ల్యాప్‌టాప్‌లో కూడా ఎక్కించి ఉంచండి, మూడు నిమిషాల వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. వైవాలు జరిగేది మన ఎండాకాలంలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, చార్జింగ్ నిండుగా ఉండాలి.

మొదటి స్లైడు టైటిల్, రెండో స్లైడులో యార్డులో ఆ పెద్దాయన అన్న మాట. ఆర్కిటెక్చర్ బొమ్మ తర్వాత రావచ్చు. ఎవరికైనా టెన్షన్‌గా ఉంటే వాళ్లు చేసిన పేజీని వాళ్లతోనే డెమో చేయించండి, సొంత చేత్తో కట్టినదాన్ని చూపించేటప్పుడు గొంతు సర్దుకుంటుంది. తెలియని ప్రశ్న వస్తే "ఇది మేం పరీక్షించలేదు సార్, పరీక్షించాలంటే ఇలా చేస్తాం" అనండి. ఎక్స్‌టర్నల్స్ ఎక్కువగా అడిగేవి నాలుగే: ఇందులో నీ భాగం ఏది, ఈ డేటాబేస్ ఎందుకు, డేటా ఎక్కడిది, తప్పు ధర ఎంటర్ చేస్తే ఏమవుతుంది. చివరి ప్రశ్నకు జవాబు నోటితో కాదు, అక్కడే మైనస్ 500 అని టైప్ చేసి చూపించండి.

వైవా అయ్యాక ఇంకో అరపూట పని ఉంది. రీడ్‌మీ ఫైలులో ఏ వెర్షన్లు కావాలి, డేటాబేస్ ఎలా ఎక్కించాలి, కీ ఎక్కడ తీసుకోవాలి, ఏ కమాండ్‌తో మొదలవుతుంది అని రాయండి. మూడో ఏడాది జూనియర్ ఒకరిని పిలిచి, వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు చూసి నడపమనండి. మీరు పక్కనే కూర్చుని నోరు మెదపకండి. తమ్ముడు ఏ లైను దగ్గర ఆగి మీ ముఖం చూశాడో ఆ లైనును తిరగరాయండి.